డాన్యూబ్ పడవ యాత్రలో వైన్ తోటల రోజు: తాగని వాళ్లం వెళ్లి ఏం చేస్తాం?

పర్లాకిమిడి_మాస్టారు:

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను, ఇప్పుడు ఊరి బయట రెండెకరాల జీడితోట చూసుకుంటున్నాను. అమ్మాయి, అల్లుడు మ్యూనిక్‌లో ఉంటారు. వచ్చే ఏడాది మమ్మల్ని రమ్మంటున్నారు. వస్తే ఇంట్లో కూర్చోబెట్టను నాన్నా అంటూ అమ్మాయి డాన్యూబ్ నది మీద ఏడు రాత్రుల పడవ ప్రయాణం ఒకటి చూసిపెట్టింది. జర్మనీలో పస్సావ్ అనే ఊళ్లో ఎక్కితే ఆస్ట్రియా మీదుగా వియన్నా, తర్వాత బ్రాటిస్లావా, బుడాపెస్ట్ దాకా తీసుకెళ్లి మళ్లీ పస్సావ్‌లోనే దించుతారట. పడవ ప్రయాణం అంటే నాకు తెలిసింది పాపికొండలు ఒకసారి, చిలికలో బర్కుల్ నుంచి కాళీజాయి గుడికి ఒకసారి, అంతే.

నా టెన్షన్ ఏమిటంటే అందులో ఒక రోజంతా వాఖావ్ అనే లోయలో వైన్ తోటలు చూడటం, వైన్ రుచి చూడటం అని రాసి ఉంది. మా ఇంట్లో ఆ వాసనే లేదు. మా ఆవిడైతే "సారా కొట్టు చూడ్డానికి విమానం ఎక్కాలా, అదేదో ఇక్కడే సందు చివర ఉంది కదా" అంటోంది. ఆ రోజు డబ్బు దండగే కదా? పైగా ఆవిడకి మోకాళ్ల నొప్పులు, పాత ఊళ్లన్నీ రాళ్లు పరిచిన వీధులూ మెట్లూ అంటున్నారు. తిండి సంగతి, వీసా సంగతి కూడా ఎవరైనా చెబితే మేలు. వెళ్లొచ్చినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి, అమ్మాయి మనసు కష్టపెట్టకుండా వద్దనే దారి ఉంటే అదీ చెప్పండి.

బరంపురం_బుజ్జి:

మాస్టారూ, ముక్కుసూటిగా చెప్తా, ఏమనుకోకండి. నేను 2018 అక్టోబరులో రైన్ నది మీద ఇలాంటిదే వెళ్లాను. ఆ ఏడు అక్కడ వానల్లేక నది ఎండిపోయింది. పడవ కదిలితే అడుగు తగులుతుందన్నారు. నాలుగు రోజులు పడవ హోటల్లాగా గట్టున కట్టేసి, పొద్దున్నే బస్సెక్కించి కోటలు చూపించి సాయంత్రం తెచ్చి పడేశారు. అంత డబ్బు పోసి బస్సులో తిరగాలంటే మన బరంపురం నుంచి గోపాలపురం వెళ్లే బస్సు చాలదా? కంపెనీ పేరు చెప్పను, కానీ టికెట్ షరతుల్లో అది ముందే రాసి ఉంది, చదవకపోవడం నా తప్పే. డబ్బు వెనక్కి రాలేదు.

తాగని వాళ్లు వైన్ రోజుకి వెళ్లడం ఎందుకు? ఆ రోజు పడవలోనే పడుకోండి. లేదా మొత్తం మానేసి రైల్లో వియన్నా, బుడాపెస్ట్ చూసి రండి. సగం ఖర్చులో అయిపోతుంది.

గుణుపురం_లింజ్:

మాస్టారూ, నమస్తే. మాది గుణుపురం. లింజ్‌లో ఐదేళ్లు ఉద్యోగం చేశాను, అది మీ పడవ దారిలోనే ఉంటుంది, పస్సావ్‌కీ వియన్నాకీ మధ్యన. నేనూ తాగను (డాక్టరు మాన్పించాడు, అది వేరే కథ). అయినా వాఖావ్‌కి ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు. బుజ్జి చెప్పిన నీళ్ల సంగతి నిజమే, దానికి తర్వాత వస్తాను. కానీ వైన్ రోజు పడవలో పడుకోమంటే మాత్రం ఒప్పుకోను, మీలాంటి తోట ఉన్న మనిషికి మొత్తం ఏడు రోజుల్లో అసలైన రోజు అదే.

వాఖావ్ అంటే మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా 36 కిలోమీటర్ల లోయ, 2000లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. నదికి రెండు పక్కలా కొండలు, కొండల మీద మెట్లు మెట్లుగా ద్రాక్ష తోటలు. ఆ మెట్లు జారిపోకుండా కట్టిన రాతి గోడల్లో సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి పేర్చిందే. మీరెప్పుడైనా మా గుణుపురం దాటి పుట్టాసింగి వైపు వెళ్లారా? సవరలు కొండ వాలులో రాళ్లు పేర్చి వరిమళ్లు కడతారు చూడండి, అచ్చం అదే పని. స్పిట్జ్ అనే ఊరి వెనక కొండని మొదటిసారి చూసినప్పుడు నేను నిలబడిపోయాను, ఇది మా వాళ్ల పని కదా ఇక్కడికెలా వచ్చింది అని. ఆ కొండ పేరుకి వెయ్యి బకెట్ల కొండ అని అర్థం. బాగా పండిన ఏడు వెయ్యి బకెట్ల వైన్ దిగుతుందని ఆ పేరు పెట్టుకున్నారట. ఆ వాలు మీదికి ట్రాక్టరు ఎక్కదు, కొమ్మ కత్తిరించడం దగ్గర్నుంచి గెల కోయడం దాకా చేతిపనే ఎక్కువ. కూలీల ఖర్చు గురించి ఏ రైతునైనా కదిపి చూడండి, మన జీడితోటల వాళ్ల మాటే వినబడుతుంది.

ఇంకోటి, అంటు గురించి తప్పకుండా అడగండి. 19వ శతాబ్దం రెండో సగంలో అమెరికా నుంచి ఫిలాక్సెరా అనే వేరు పురుగు వచ్చి యూరప్ ద్రాక్ష తోటల్ని తుడిచిపెట్టేసింది. అమెరికా ద్రాక్ష వేరు మాత్రం ఆ పురుగుని తట్టుకుంటుంది. అందుకని ఆ వేరు మీద తమ తీగని అంటు కట్టి బతికించుకున్నారు, ఇవాళ్టికీ యూరప్‌లో దాదాపు అన్ని తోటలూ ఆ పద్ధతే. మీ జీడిమొక్కలు అంటుమొక్కలే అయితే తోటవాడికీ మీకూ మధ్య అరగంట కబుర్లకి అదొక్కటి చాలు, భాషకి మీ అమ్మాయి ఎలాగూ ఉంటుంది. (అమ్మాయి కూడా పడవ ఎక్కుతోందా లేదా రాయలేదు. ఎక్కమనండి.)

అక్కడ ముఖ్యంగా రెండు రకాలు, గ్రూనర్ వెల్ట్‌లినర్, రీస్లింగ్, రెండూ తెల్ల ద్రాక్షే. పగలు తూర్పు మైదానం నుంచి వెచ్చని గాలి, రాత్రి ఉత్తరాన అడవుల మీదుగా చల్లగాలి. ఆ ఎండా చలీ మధ్య పండు తీపెక్కుతుంది కానీ పులుపు పోదు. వైన్‌ని అందులోని ఆల్కహాలుని బట్టి మూడు తరగతులు చేసి, అన్నిటికంటే పై రకానికి అక్కడి రాతిగోడల మీద ఎండ కాచుకునే ఒక పచ్చ బల్లి పేరు పెట్టారు. తొండ పేరు పెట్టి సరుకు అమ్మగలిగారంటే వాళ్ల ధైర్యం మెచ్చుకోవాలి.

రుచి చూడటం గురించి భయం వద్దు. బల్ల మీద బకెట్‌లాంటి గిన్నె ఒకటి పెడతారు, అసలు వైన్ వ్యాపారులే నోట్లో తిప్పి అందులో ఉమ్మేస్తారు. వద్దు అంటే ఎవరూ మొహం మాడ్చుకోరు, ద్రాక్షరసం ఇస్తారు. ఆ రసం ఊరికే పెట్టే నామమాత్రపు రసం కాదు, అదే ద్రాక్షతో తీసింది, మీ ఆవిడకి నచ్చుతుంది. ఒక్క హెచ్చరిక: సెప్టెంబరు, అక్టోబరుల్లో స్టుర్మ్ అని మబ్బుగా, తియ్యగా ఉండేది ఒకటి పోస్తారు. చూడ్డానికి రసమే అనిపిస్తుంది. కాదు, సగం పులిసిన కొత్త వైన్ అది. పొద్దున తియ్యగా ఉన్న తాటికల్లు మధ్యాహ్నానికి ఏమవుతుందో మీకు తెలుసు కదా, ఆ మధ్యలో సరుకన్నమాట.

సారా కొట్టు అన్న మాటకి కూడా జవాబు చెప్పాలి. అక్కడ రైతు తన తోట వైన్ తన ఇంటి ముంగిట్లోనే అమ్ముకోవచ్చు. 1784లో జోసెఫ్ చక్రవర్తి ఇచ్చిన ఉత్తర్వుతో వచ్చిన హక్కు అది. కొట్టు తెరిచిన రోజు గుమ్మానికి ఆకుపచ్చ కొమ్మ కడతారు, కొమ్మ లేకపోతే మూసేసినట్టు. ముసలమ్మలు, పిల్లలు, కుక్కలు అందరూ బల్లల చుట్టూ కూర్చుని రొట్టె తింటూ ఉంటారు. మన సందు చివరి కొట్టులా తల దించుకుని వెళ్లే చోటు కాదు.

మోకాళ్ల సంగతి. మెల్క్‌లో కొండ మీద బెనెడిక్టైన్ అనే క్రైస్తవ సన్యాసుల మఠం ఉంది, 1089లో మొదలైంది, ఇప్పుడు కనబడే పసుపు రంగు కట్టడం 1702 నుంచి 1736 దాకా కట్టారు. పడవ వాళ్లు మామూలుగా పైదాకా బస్సులోనే తీసుకెళ్తారు, లోపల మెట్లు కొన్ని తప్పవు. లక్ష దాకా పుస్తకాలున్న లైబ్రరీ ఉంది, మాస్టారు కాబట్టి మీరు అక్కడే ఆగిపోతారు, గుంపు వెళ్లిపోకుండా చూసుకోండి. డ్యూర్న్‌స్టైన్ ఊరు చిన్నది, రేవు నుంచి కొంచెం ఎత్తెక్కితే తర్వాత వీధి నడవొచ్చు. పైన శిథిలమైన కోట మాత్రం ఆవిడ ఎక్కవద్దు, అరగంట రాళ్లదారి. ఇంగ్లండు రాజు రిచర్డ్ క్రూసేడు యుద్ధం నుంచి తిరిగి వెళ్తూ 1192లో వియన్నా దగ్గర పట్టుబడితే ఆస్ట్రియా డ్యూక్ తెచ్చి బంధించింది ఆ కోటలోనే. లక్షా యాభై వేల మార్కుల వెండి అడిగారు విడుదలకి. తన వాటాకి వచ్చినదాంతో డ్యూక్ వియన్నా కోటగోడలు కట్టించాడు. కోట కింది నుంచి కనిపిస్తుంది, ఆవిడ నీలం తెలుపు గోపురం ఉన్న చర్చి దగ్గర బల్ల మీద కూర్చుని నది చూసుకుంటే హాయి.

ఇక నీళ్లు. డాన్యూబ్‌కీ ఆ కష్టం ఉంది. కరువులో పడవ అడుగు తగులుతుంది, వరదలో వంతెన కింద పట్టదు. 2024 సెప్టెంబరులో ఆస్ట్రియా వరదల్లో పడవలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం పెరిగితే పాపికొండల బోట్లు ఆపేసినట్టే. వాఖావ్‌లో ఆనకట్ట లేదు, నది తన ఇష్టప్రకారం పారుతుంది, వియన్నా దాకా మిగతా దారి చాలావరకు ఆనకట్టలూ లాకులే. పస్సావ్ నుంచి వియన్నా దాకా తొమ్మిది లాకులు. పడవ లోపలికి వెళ్లగానే ఒక పక్క గోడ చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా వస్తుంది. 24 మీటర్ల వెడల్పు గదిలో 11 మీటర్ల పైచిలుకు వెడల్పు పడవలు రెండు పక్కపక్కన పడతాయి. రాత్రి అయినా సరే లేచి చూడండి.

సిరోంచ_ప్రాణహిత:

అన్న చాలా చెప్పిండు, నేను రెండు ముక్కలు కలుపుతాను. మాది సిరోంచ, మహారాష్ట్ర అయినా ఇంట్లో తెలుగే. పోయిన ఏడు మా అమ్మని ఇదే దారిలో తీసుకుపోయినం, ఆమెకు 68, ఒక మోకాలు ఆపరేషన్ అయింది.

పస్సావ్‌లో మూడు నదులు కలుస్తాయి, డాన్యూబ్, ఇన్, ఇల్జ్. ఒకటి నీలంగా, ఒకటి పచ్చగా, ఒకటి నల్లగా, పక్కపక్కన పారుతూ చాలాదూరం కలవవు. మా అమ్మ చూసి "మన దగ్గర ప్రాణహిత, గోదారి కలిసినచోట మూడోది సరస్వతి, అంతర్వాహిని అంటరు, ఇక్కడ మూడోది కూడా కనబడుతున్నది" అని దండం పెట్టింది. తమాషా ఏంటంటే అక్కడ డాన్యూబ్ కంటే ఇన్ నదే సగటున ఎక్కువ నీళ్లు తెస్తుంది, పేరు మాత్రం డాన్యూబ్‌కి. మా ప్రాణహితది కూడా అదే బాధ, నీళ్లు మావి, పేరు గోదారిది. టౌన్‌హాల్ గోడ మీద వరద గుర్తులుంటాయి, 1501ది అన్నిటికంటే పైన, దాని కింద 2013ది, 12.89 మీటర్లు. 1986 గోదారి వరదలు చూసినవాళ్లకి ఆ గీతలు చెప్పకుండానే అర్థమవుతాయి. చర్చిలో ఆర్గన్ అనే గాలి వాద్యానికి దాదాపు 18 వేల గొట్టాలు.

అమ్మ కోసం మేం చేసింది: ప్రతి ఊళ్లో నడక గుంపులు రెండు మూడు ఉంటాయి, మెల్లగా నడిచేవాళ్ల గుంపు ఉంటదా అని బుక్ చేసేటప్పుడే అడిగినం, మాకు దొరికింది. మడత కర్ర ఒకటి, అరికాలు మెత్తగా ఉన్న బూట్లు, ఇక్కడే కొని నెల రోజులు తొడిగి అలవాటు చేసినం. చెప్పులతో ఆ గుండ్రాళ్ల మీద నడవలేరు, చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి కట్టుకోమనండి. పడవలో లిఫ్ట్ ఉందా, అది ఏ అంతస్తు దాకా పోతది అన్నది తప్పకుండా అడగండి, మా దాంట్లో అన్నిటికంటే కింది అంతస్తుకి లేదు. రేవులో పడవలు ఒకదాని పక్కన ఒకటి కట్టేస్తరు. మీ పడవ మూడోదైతే రెండు పడవల్లోంచి నడిచి గట్టెక్కాలె. ఎక్కువ డబ్బు పెట్టి తీసుకున్న బాల్కనీలోంచి తెల్లారి తెర తీస్తే ఎదురుగా పక్క పడవలో ఒకాయన పళ్లు తోముకుంటుంటడు.

తిండికి ఇబ్బంది లేదు, శాకాహారం అని ముందే రాసిస్తే చేస్తరు, చప్పగా ఉంటది అంతే. ఆవకాయ, కందిపొడి సంచిలో పెట్టుకోండి, చెక్ ఇన్ చేసే సంచిలో. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు, పాలతో మాంసంతో చేసినవి బయటి దేశాల నుంచి యూరప్‌లోకి రానివ్వరు. మా నెయ్యి డబ్బా అట్లనే చెత్తబుట్టల పడ్డది, అమ్మ ఇప్పటికీ తలుచుకుంటది.

వైన్ తోటలు ఎట్ల ఉంటయో ముందు చూడాలనుకుంటే మన గోదారి పుట్టిన త్రయంబకం పక్కనే నాసిక్ ఉన్నది, గంగాపూర్ డ్యాం చుట్టూ తోటలే.

బరంపురం_బుజ్జి:

లింజ్ అన్న రాసింది చదివాక నేను కొంచెం వెనక్కి తగ్గుతున్నా. కానీ ఖర్చు మాట ఎవరూ ఎత్తలేదు. చాలా పడవల్లో టికెట్ ధరలో టిప్పులు ఉండవు, చివరి రోజు కవరు చేతిలో పెడతారు. కొన్ని ఊళ్లలో తిప్పడానికి వేరే డబ్బు. మాస్టారు అమ్మాయిని ఏవి కలిపి ఉన్నాయో కాగితం మీద రాయించుకోమనండి.

పర్లాకిమిడి_మాస్టారు:

అందరికీ చాలా థాంక్స్. లింజ్ బాబు రాసిన అంటు ముక్క ఆవిడకి చదివి వినిపించాను. "మీరు తోటవాడితో మాటల్లో పడితే పడవ వెళ్లిపోతుంది" అంది, అంటే వెళ్లడానికి ఒప్పుకున్నట్టే. మా జీడిమొక్కలు అంటువే బాబూ, ఆరేళ్ల క్రితం వేశాను. పుట్టాసింగి చూశాను, ఎలక్షన్ డ్యూటీకి వెళ్లి. మీరు చెప్పాక ఆ కొండ కళ్లకు కట్టింది.

ఇంకా రెండు సందేహాలు. నాలుగు దేశాలంటే నాలుగు వీసాలా? మరి బుజ్జి బాబు అన్నట్టు నీళ్లు లేక పడవ ఆగిపోతే, అంత పెద్ద యాత్ర బదులు వాఖావ్ ఒక్కటీ విడిగా చూసే దారి ఉందా?

గుణుపురం_లింజ్:

వీసా ఒక్కటే చాలు మాస్టారూ, జర్మనీ, ఆస్ట్రియా, స్లొవాకియా, హంగరీ నాలుగూ షెంగెన్‌లోనివే, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు. ఎక్కువ రాత్రులు ఎక్కడ ఉంటారో ఆ దేశానికి అప్లై చేయాలి. అమ్మాయి ఇంట్లో నెలరోజులు ఉంటారు కాబట్టి మీకు జర్మనీ. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, ఆఖరికి 15 రోజుల ముందైనా ఇవ్వాలి, కానీ ఎండాకాలంలో స్లాట్లు దొరకవు, ముందే పెట్టండి. ఫీజు 90 యూరోలు, 30 వేల యూరోలకి తగ్గని మెడికల్ ఇన్సూరెన్స్ ఉండాలి. డబ్బు మూడు దేశాల్లో యూరో, హంగరీలో ఫోరింట్. బుడాపెస్ట్‌లో ఒక్కరోజుకి ఎక్కువ మార్చుకోకండి, మిగిలితే పర్లాకిమిడిలో ఎవరూ తీసుకోరు.

విడిగా చూడటం చాలా తేలిక. వియన్నా నుంచి మెల్క్‌కి రైల్లో గంట, గంటంబావు. అక్కడ పగటి పడవ ఎక్కితే నది వాలుకి రెండు గంటల లోపే క్రెమ్స్‌లో దిగుతారు, క్రెమ్స్ నుంచి మళ్లీ రైలు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా నడుస్తాయి. క్రెమ్స్ నుంచి మెల్క్‌కి ఎదురు ఎక్కకండి, దాదాపు మూడు గంటలు పడుతుంది, మధ్యలో అందరూ నిద్రపోతారు. ఏడు రాత్రుల పడవ బుక్ చేసుకుని, నీళ్లు మొండికేస్తే ఇది చేయండి. నన్నడిగితే ఆవిడ మోకాళ్లకి పెద్ద పడవే నయం, పెట్టె ఒకసారి విప్పితే చాలు, ఊళ్లే మన దగ్గరికి వస్తాయి.

పర్లాకిమిడి_మాస్టారు:

నేను ఆయన భార్యని, ఆయన ఫోనులోంచి రాస్తున్నాను. బాబూ, అక్కడ తాగడం సంగతే అందరూ రాశారు, తినడానికి ఆ లోయలో ఏముంటుందో ఎవరూ చెప్పలేదు. ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?

గుణుపురం_లింజ్:

అమ్మా, అడిగారు, సంతోషం. అక్కడ ద్రాక్ష తర్వాత పేరున్నది ఆప్రికాట్, హైదరాబాదు పెళ్లిళ్లలో ఖుబానీ మీఠా చేస్తారే, ఆ పండే. వాళ్లు దాన్ని గింజ తీసి, ఒక్కోసారి గింజ బదులు చక్కెర ముక్క పెట్టి, పిండి ముద్దలో చుట్టి ఉడకబెట్టి, వెన్నలో వేయించిన రొట్టె పొడిలో దొర్లిస్తారు. పూర్ణం బూరె అనుకోండి, నూనెలో వేయకుండా, లోపల పూర్ణం బదులు పండు. పిండిలో గుడ్డు ఉంటుంది, తినకపోతే ముందే అడగండి. పువ్వు చూడాలంటే మార్చి ఆఖరు, ఏప్రిల్ మొదలు, చలి ఉంటుంది. పండు తినాలంటే జులై. జులైలో ఊరూరా రోడ్డు పక్క బల్ల వేసి బుట్టలతో అమ్ముతారు.

పర్లాకిమిడి_మాస్టారు:

అయితే జులై. గుడ్డు పర్వాలేదు.